కారుచౌకలో కారు ఎక్కడిది?

(మహబూబ్‌నగర్‌లో జరిగిన తెలుగు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చిన సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం 'పిల్లలకు సమాసాలు బోధించడం'. కాగితం మీద అంతే రాసి ఉంది. నేను దానికి ఇంకో ముక్క కలుపుకుని మాట్లాడతాను. వాక్యాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి తెలియని మాటకు అర్థం పట్టుకోవడం గురించి కూడా చెబుతాను. మన పుస్తకాల్లో ఇవి రెండు వేరువేరు అరల్లో ఉంటాయి. సమాసాలేమో, అంటే మాటలు కలిసి ఒక్క మాటైనవి, వ్యాకరణం కింద, అర్థం ఊహించడమేమో పదజాలం కింద. వ్యాకరణం ఉన్న రోజు పదజాలం ఉండదు, పదజాలం ఉన్న రోజు వ్యాకరణం ఉండదు. ఈ రెంటినీ ఇట్లా విడదీసి చెప్పినన్నాళ్లూ పిల్లలకు రెండూ సరిగా రావు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదొక్కటే.

మన లిపితో ఒక సుఖముంది, ఆ సుఖంలోనే ఒక మోసమూ ఉంది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చేశాయంటే ఎంత పొడుగు మాటనైనా నోటితో చదివేయొచ్చు. ఇంగ్లీషు చదివే పిల్ల తెలియని మాట దగ్గర తడబడుతుంది, మనకు వెంటనే తెలిసిపోతుంది. తెలుగులో అట్లా కాదు. 'కిరణజన్యసంయోగక్రియ' అని బండి ఆగకుండా చదివేస్తుంది. మనం శభాష్ అంటాం. ఆ మాటలో ఏముందో ఆ పిల్లకు తెలియదు, తెలియదన్న సంగతి మనకూ తెలియదు. 2022లో తొలిమెట్టు, అంటే చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే ప్రభుత్వ కార్యక్రమం, వచ్చినప్పటి నుంచి ధారాళంగా చదివించడం మీద మనమంతా బాగానే కష్టపడుతున్నాం. ఆ కష్టం ఊరికే పోలేదు. కానీ ధారాళంగా చదివేసిన పిల్లను 'ఇందులో నీకు అంతుబట్టని మాట ఏది?' అని అడిగే ఓపిక కూడా ఉండాలి. చాలామంది పిల్లలు దానికి జవాబు చెప్పలేరు. ఏది తెలియదో తెలుసుకోవడమే వాళ్లకు అలవాటు కాలేదు.

ఊరికే మాటలెందుకు, ఒక చిన్న పేరా బోర్డు మీద రాస్తాను. ఏ వాచకంలోదీ కాదు, నేను కట్టిందే.

'మూడేళ్లుగా వానలు సరిగా లేవు. చెరువులు అడుగంటాయి. పశుగ్రాసం దొరక్క రైతులు కాడెడ్లను సంతలో కారుచౌకగా అమ్ముకున్నారు.'

మామూలుగా ఏం చేస్తాం? పాఠం మొదలుపెట్టక ముందే బోర్డు ఎడమ పక్కన గీత గీసి అడుగంటు అంటే ఎండిపోవు, పశుగ్రాసం అంటే పశువుల మేత, కారుచౌక అంటే చాలా తక్కువ ధర అని రాసేస్తాం. పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు. ఆ తర్వాత పేరా చదివితే వాళ్లు ఆలోచించడానికి ఏమీ మిగలదు. గైడు కూడా చేసేది ఇదే, మనకంటే చవగ్గా చేస్తుంది.

నేనైతే ముందు అర్థాలు రాయను. పేరా రెండుసార్లు చదివిస్తాను. తర్వాత ఒక్కో మాట మీద ఆగుతాను. కాడెడ్లు దగ్గర మన జిల్లా పిల్లలు పెద్దగా ఆగరు. కాడి, ఎడ్లు. ట్రాక్టర్లు వచ్చాక కాడి చూడని పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లను ఇంటికి పోయి తాతనడిగి రమ్మంటే చాలు.

'అడుగంటాయి' దగ్గర తమాషా ఉంటుంది. 'మాడిపోయినయా సార్?' అంటారు. నవ్వకండి. పిల్లకు ఆ మాట వంటింట్లో తెలుసు. అన్నం అడుగంటింది అని అమ్మ అంటుంది, అంటే గిన్నె అడుగుకు అంటుకుని మాడింది. ఆ పిల్ల మాటను సరిగ్గానే విప్పింది, అడుగు, అంటు. ఇప్పుడు మనం అడగాల్సింది ఒకటే: చెరువుకు అడుగు ఏది? ఆ అడుగుకు ఏది అంటింది? 'నీళ్లు సార్. నీళ్లు అడుగుకు పోయినయ్.' అంతే. పైవాక్యంలో వానలు లేవని ఉంది కదా, అది సాక్ష్యం. ఒకే మాట అన్నం గిన్నెలో ఒక పని చేస్తోంది, చెరువులో ఇంకో పని చేస్తోంది. ఈ తేడా చెప్పేది మాట కాదు, మాట పక్కన ఉన్న మాట. ఈ ఒక్క సంగతి ఒక పీరియడంతా మాట్లాడుకున్నా నష్టం లేదు.

'పశుగ్రాసం'లో సగం తెలుసు, సగం తెలియదు. ఇట్లాంటి మాటలే నేర్పడానికి బంగారం. గ్రాసం మీద చేయి అడ్డం పెట్టి చదవమంటాను. 'పశు... దొరక్క రైతులు ఎడ్లను అమ్ముకున్నారు.' ఏం దొరక్కపోతే ఎడ్లను అమ్ముకుంటారు? 'గడ్డి', 'మేత', 'సొప్ప', 'నీళ్లు' అని నాలుగు పక్కల నుంచీ వస్తాయి. నీళ్లు అన్న పిల్లవాణ్ని తప్పు అనడానికి లేదు, ఆ ఖాళీలో నీళ్లు కూడా సరిగ్గా కూర్చుంటాయి. ఇక్కడే మనం వాళ్లకు నిజం చెప్పాలి. వాక్యం ఒక్కోసారి మనల్ని ఇంటి దాకా తీసుకుపోదు, వీధి చివర దింపేసి పోతుంది. అక్కడి నుంచి ఇంకో గుర్తు వెతుక్కోవాలి. తర్వాతి వాక్యంలో 'గడ్డివాములు ఖాళీ అయ్యాయి' అని ఉంటే నీళ్లు పక్కకు పోతాయి. లేదంటే నిఘంటువు ఉంది. ఊహించడమంటే నిఘంటువు అక్కర్లేదని కాదు. ఊహించి వెళ్లిన పిల్లకు నిఘంటువులో ఉన్న నాలుగు అర్థాల్లో ఏది కావాలో తెలుస్తుంది. ఊహించకుండా వెళ్లిన పిల్ల మొదటిది రాసుకుని వస్తుంది.

ఇక కారుచౌక. (నవ్వులు) మీరు ముందే నవ్వుతున్నారంటే మీ తరగతిలో కూడా ఇదే జరిగిందన్నమాట. 'సార్, కారు అగ్గువకు అమ్మిండ్రా?' ఈ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి చూడండి. కారు దగ్గర పిల్లవాడు దారి తప్పాడు. కానీ చౌక అంటే అగ్గువ అని వాడికి ఇప్పటికే తెలిసిపోయింది. ఎట్లా తెలిసింది? ఒకటి, రేషన్ షాపు మీద 'చౌకధరల దుకాణం' అని బోర్డు ఉంటుంది, వాడు ఎన్నిసార్లు దాని కింద సంచి పట్టుకుని నిలబడ్డాడో. రెండు, మేత లేక అమ్ముకున్నారంటే మంచి ధరకు అమ్మి ఉండరని వాడి బుద్ధి వాడికి చెప్పింది. ఇప్పుడు కారు సంగతి వాక్యాన్నే అడగమంటాను. ఇక్కడ అమ్మింది ఏమిటి? ఎడ్లు. ఈ పేరాలో కారు ఎక్కడైనా ఉందా? లేదు. మరి ఈ కారు బండి కాదు. 'కారుచీకటి' అని ఎప్పుడైనా విన్నారా? కరెంటు పోయిన అమావాస్య రాత్రి గుర్తు చేస్తే ఎవరో ఒకరు అందుకుంటారు. కారుచీకటిలో కారు అంటే నలుపు. చీకటి మామూలు చీకటి కాదు, కళ్లు పొడుచుకున్నా కనిపించనిది. కారుచౌకలో ఆ మాటే 'మరీ' అన్నట్టు పనిచేస్తోంది. మరీ అగ్గువ. బోర్డు మీద కూడా నేను 'మరీ అగ్గువ' అనే రాస్తాను. చాలా తక్కువ ధర అని రాస్తేనే మార్కులని ఎవరైనా అంటే, అగ్గువ తెలుగు మాట కాదా అని నేను ఎదురు అడుగుతాను.

గమనించారా, ఒక చోట ముక్కలు సాయం చేశాయి, ఇంకోచోట ముక్కలు మోసం చేస్తే వాక్యం కాపాడింది. విడగొట్టడం ఒక్కటే నేర్పితే పిల్లవాడు కారు దగ్గరే ఆగిపోతాడు. ఊహించడం ఒక్కటే నేర్పితే పశుగ్రాసం దగ్గర నీళ్లనుకుని ముందుకు పోతాడు. ఒకదాని మీద ఇంకోదాన్ని కాపలా పెట్టాలి.

సరే, విడగొట్టడం అంటున్నాం కదా, దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? ఉత్తరపదం నుంచి, అంటే చివరి మాట నుంచి. ఇది మూడో తరగతి పిల్లలతో కూడా ఆడించొచ్చు. నీళ్లకుండ అంటే కుండా, నీళ్లా? కుండ. కుండనీళ్లు? నీళ్లు. తేనెపట్టు అంటే చెట్టుకు వేలాడేది, పట్టుతేనె అంటే నాలుక మీద పడేది. బడిపిల్లలు, పిల్లలబడి. రెండు మాటలూ అవే, వరస మారితే వస్తువే మారిపోయింది. 'చివర ఉన్నది ఏమిటి?' అని అడగడం అలవాటైతే పిల్లలు కొత్త మాటను చూసి బెదరరు. ఎత్తిపోతలపథకం అంత పొడుగు మాట వచ్చినా చివర పథకం ఉంది కాబట్టి ఇదేదో ప్రభుత్వం చేసే పని అని సగం దారి తెలిసిపోతుంది.

చివరి మాట ఏమిటో తెలిశాక అసలు చిక్కు వస్తుంది. ముందు మాటకూ దానికీ సంబంధం ఏమిటి? సమాసం ఆ సంబంధాన్ని చెప్పదు, మింగేస్తుంది. మన ఇళ్లలో ఉన్న మందుల పేర్లే చూడండి. దగ్గుమందు దగ్గును తగ్గిస్తుంది. నిద్రమందు నిద్రను తగ్గిస్తుందా? తెప్పిస్తుంది. పురుగులమందు పురుగులను చంపుతుంది. పాముమందు పామును చంపదు, పాము కరిచిన మనిషికి ఇస్తారు. చెట్లమందు చెట్టు నుంచి తీసింది. నాటుమందు ఏదో నాటేది కాదు, ఊరి వైద్యుడి దగ్గర దొరికేది. ఇంగ్లీషుమందు ఇంగ్లండు నుంచి వచ్చింది కాదు. అన్నింటికీ చివర మందే, లోపలి సంబంధం మాత్రం దేనికదే. ఇవన్నీ పిల్లలకు తెలుసు. ఎవరూ నేర్పలేదు, వ్యాకరణం పుస్తకం తెరవకముందే తెలుసు. దగ్గుమందు, నిద్రమందు పక్కపక్కన రాసి 'దీనికీ దానికీ తేడా ఏంది?' అని అడగండి, విగ్రహవాక్యాలు వాళ్లే చెబుతారు. దగ్గును తగ్గించే మందు, నిద్ర తెప్పించే మందు. మనం దానికి విగ్రహవాక్యం అని పేరు పెడితే సరిపోతుంది. ఆ మింగేసిన సంబంధాన్ని బయటికి లాగి చెప్పేదే విగ్రహవాక్యం. దాన్ని 'యొక్క' పెట్టి చెప్పేసే ఒక దురలవాటు మనకుంది. దగ్గు యొక్క మందు, పురుగుల యొక్క మందు! అన్నింటికీ యొక్క తగిలిస్తే షష్ఠీ తత్పురుషం అవుతుంది గానీ పిల్లకు అందులో ఏమీ తెలియదు.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. అందులో సమాసం గురించి చెప్పేటప్పుడు ఏవో రెండు పదాలు కలవడం అనలేదు, సమర్థాలైన పదాలు ఏకపదం కావడం అన్నాడు. సమర్థం అంటే ఇక్కడ బలమైనది అని కాదు, అర్థంలో ఒకదానితో ఒకటి పొత్తు కుదిరినవి అని. నిర్వచనంలోనే అర్థం ఉంది. మనం నిర్వచనం బట్టీ పెట్టించి అర్థాన్ని వదిలేశాం.

ఆ పొత్తు ఏదో తెలియాలంటే ఊరు కూడా తెలియాలి. నల్లగొండ పక్క పల్లెలో 'పిండిబస్తాలు వచ్చినయ్' అంటే సొసైటీ ముందు లైను కడతారు. అది యూరియా. ఎరువును మనవైపు పిండి అంటారని తెలియని కొత్త టీచరమ్మ రొట్టెల పిండి అనుకుంటుంది, ఆమె తప్పేమీ లేదు. అదే గిర్ని దగ్గర పిండిబస్తా అంటే జొన్నపిండే. అట్లాగే ఎత్తిపోతల. పాలమూరు పిల్లలకు ఎత్తిపోతల అంటే మోటార్లతో కృష్ణ నీళ్లు ఎత్తి పైన పోయడం. నాగార్జునసాగర్ చూసొచ్చిన నల్లగొండ పిల్లలకు ఎత్తిపోతల అంటే అక్కడికి దగ్గర్లోని జలపాతం. ఒక చోట నీళ్లు పైకి పోతాయి, ఇంకోచోట పైనుంచి కింద పడతాయి. పేపర్లో 'ఎత్తిపోతల వద్ద పర్యాటకుల సందడి' అని వస్తే ఏది? పర్యాటకులు అన్న మాట చెప్పేస్తుంది. 'ఎత్తిపోతలకు నిధులు' అని వస్తే? నిధులు అన్న మాట చెప్పేస్తుంది.

తప్పుగా విడగొట్టడం గురించి ఒక మాట. దిగుబడి, రాబడి, పెట్టుబడి, పలుకుబడి. రైతుల ఇళ్లలో రోజూ తిరిగే మాటలు. పిల్లలు వీటిని దిగు, బడి అని విరిచి 'కింద ఉన్న బడి' అంటారు. ఇక్కడి బడి మన బడి కాదు, పడు అనే క్రియ నుంచి వచ్చిన ముక్క. అది పిల్లలకు వెంటనే చెప్పక్కర్లేదు. నాలుగు మాటలూ వరసగా రాసి, 'ఈ నాలుగింట్లో ఎక్కడైనా పంతులు ఉన్నాడా?' అని అడిగితే చాలు, పాఠశాల కాదని వాళ్లకే తెలుస్తుంది. అన్నదమ్ములు కూడా ఇంతే. అన్న, దమ్ములు అని విరిస్తే బిర్యానీ దాకా పోతుంది. తమ్ముడిలోని త సమాసంలో ద అయింది. తల్లిదండ్రులు, కూరగాయలు పక్కన పెట్టి చూపిస్తే మారింది ఏ అక్షరమో వాళ్లే పట్టుకుంటారు. గసడదవాదేశం అన్న పేరు ఆ తర్వాత చెబితే నవ్వుకుంటూ రాసుకుంటారు.

ముక్కలు రెండూ తెలిసి, విరుపు కూడా సరిగా ఉండి, అయినా అర్థం అందని మాటలుంటాయి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. దాని ఒంటి మీద నీలం ఉంటుంది గానీ పాలు లేవు. కడుపునొప్పికి మాత్ర ఉంది, కడుపుకోతకు లేదు. కడుపుతీపి అంటే బెల్లం తిన్నాక వచ్చేది కాదు. కడుపుమంట అయితే రెండు వైపులా తిరుగుతుంది. 'పచ్చిమిరపకాయల బజ్జీ తిని కడుపుమంటతో పడుకున్నాడు' అంటే ఒకటి, 'పక్కింటోళ్లు బోరు వేసుకుంటే వీళ్లకు కడుపుమంట' అంటే ఇంకోటి. చేతిసంచి, చేతిరాత, చేతిఖర్చు తెలిసిన పిల్లకు 'వాడికి చేతివాటం ఎక్కువ' అన్న వాక్యం ఇచ్చి చూడండి. ఆ ఒక్క వాక్యంతో రాదు. 'వాడికి చేతివాటం ఎక్కువ, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మాయమవుతుంది' అని తోక తగిలిస్తే వెంటనే వస్తుంది.

ఇట్లా సందర్భాన్ని బట్టి అర్థం పట్టుకోవడం మీద పరిశోధనలు జరిగాయి, ఎక్కువగా ఇంగ్లీషు మీదే అనుకోండి. అమెరికాలో ఇజబెల్ బెక్, ఆమెతో పాటు మరో ఇద్దరు కలిసి 1983లో ఒక వ్యాసం రాశారు. సందర్భాలన్నీ ఒక్కలాంటివి కావన్నది దాని సారం. కొన్ని సందర్భాలు మాటకు తిన్నగా దారి చూపిస్తాయి, కొన్ని సుమారుగా చూపిస్తాయి, కొన్ని ఏమీ చూపించవు, కొన్ని ఎదురు దారి పట్టిస్తాయి. నాలుగో రకాన్ని మనం మరిచిపోతాం. 'అంత పెద్ద నష్టం వచ్చినా ఆయన నిబ్బరంగా నవ్వుతూ కూర్చున్నాడు' అన్న వాక్యంలో నిబ్బరం తెలియని పిల్ల దాన్ని పిచ్చి అనుకోవచ్చు. వాక్యం అటే తోస్తోంది మరి. రెండేళ్ల తర్వాత, 1985లో, విలియం నాగీ, ఇంకో ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనంలో, ఒక్కసారి చదివినంత మాత్రాన మాట పూర్తిగా పట్టుబడే అవకాశం కొంచెమేనని, అయితే ఆ కొంచెం నిజమేనని తేలింది. అంటే పిల్లలు ఎక్కువ చదవాలి, అదే మాట నాలుగు చోట్ల ఎదురుపడాలి. ఒక పాఠంలో ఒకసారి కనిపించి మాయమైన మాటను మనం పరీక్షలో అడిగి, రాలేదని తిట్టడం న్యాయం కాదు.

అందుకని నేను ఏ వాక్యాన్ని పిల్లల ముందు పెట్టినా ముందు నేనే పరీక్ష చేసుకుంటాను. మాటను చేత్తో మూస్తే మిగిలిన వాక్యం ఏమైనా చెబుతోందా? చెప్పకపోతే అది ఊహించే మాట కాదు, నేరుగా చెప్పేసే మాట. పిల్లలకు దేన్ని ఊహించమనాలో, దేన్ని చెప్పేయాలో తేల్చుకోవడం మన పని. 'ఊహించండి, ఊహించండి' అని వాళ్ల ప్రాణం తీయడం కూడా ఒక రకం సోమరితనమే. ఇంకొకటి, ఊహించమనడం అర్థం విషయంలోనే. అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లను బొమ్మ చూసి మాట చెప్పేయమనకండి. ముందు మాటను పూర్తిగా చదవాలి, అర్థం సంగతి ఆ తర్వాత.

ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న చోటికి వస్తాను, పరీక్ష. పదో తరగతిలో సమాసం పేరు అడుగుతారు, విగ్రహవాక్యం అడుగుతారు. పేర్లు నేర్పొద్దని నేను అనడం లేదు. ఎప్పుడు నేర్పాలన్నదే తగాదా. ఆరో తరగతిలో మొదటి రోజే ద్వంద్వం, ద్విగువు, తత్పురుషం, కర్మధారయం, బహువ్రీహి అని పట్టిక గీస్తే, పిల్లలు ఉదాహరణను బట్టి పేరు గుర్తుపెట్టుకుంటారు గానీ కొత్త మాట ఇస్తే చేతులెత్తేస్తారు. పైగా సమాసం పేరు మాటలో ఉండదు, వాక్యంలో ఉంటుంది. దీనికి నా దగ్గరున్న ఉదాహరణ మీ తరగతిలో రోజూ జరిగేదే. వెనక బెంచీలో ఎవడో మాట్లాడుతుంటాడు, పేరు గుర్తు రాదు. 'ఏయ్ ఎర్రచొక్కా, లేచి నిలబడు' అంటాం. లేచేది చొక్కానా? చొక్కా తొడుక్కున్నవాడు. ఎర్రని చొక్కా గలవాడు, బహువ్రీహి. అదే పిల్లవాడు ఇంటికి పోయి 'అమ్మా, ఎర్రచొక్కా ఉతికినవా' అంటే అక్కడ అది ఎర్రనైన చొక్కా, విశేషణ పూర్వపద కర్మధారయం. మాట ఒక్కటే. ఒక్క అక్షరం మారలేదు. బహువ్రీహి గురించి ముక్కంటి, చక్రపాణి అని ఎంత చెప్పినా ఎక్కనిది, ఈ ఎర్రచొక్కాతో ఎక్కుతుంది. ఎక్కాక ముక్కంటి దగ్గరికి పోతే వాళ్లే చెబుతారు: మూడు కళ్ల గురించి కాదు సార్, మూడు కళ్లున్నాయన గురించి.

తెలుగు సార్లు ఒక్కరే మోస్తే ఇది అయ్యేది కాదు. సైన్సు, సోషల్ పుస్తకాల నిండా సమాసాలే. మొదట్లో చెప్పిన కిరణజన్యసంయోగక్రియనే చివరి నుంచి విప్పండి. క్రియ, ఒక పని. ఏం పని? సంయోగం, కలవడం. ఎట్లా పుట్టిన కలయిక? కిరణాల వల్ల పుట్టినది, కిరణజన్యం. ఎండ సాయంతో నీళ్లూ గాలీ కలిసి ఆకులో తిండి తయారవుతుందన్న పాఠం సగం ఆ పేరులోనే ఉంది. పత్రహరితం, ఆకులోని పచ్చదనం. భూగర్భజలం, భూమి కడుపులో నీళ్లు. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నడుములు వంగిన మర్రిగూడ వైపు పిల్లలకు భూగర్భజలం అన్న మాట పరీక్ష కోసం నేర్పాల్సిన మాట కాదు. ఇంకో జోడీ చెబుతాను, నాకు చాలా ఇష్టం: శ్వాసకోశం, ఊపిరితిత్తి. రెండూ ఒకే కట్టుబడి. తిత్తి తెలియాలంటే కొలిమితిత్తి చూసి ఉండాలి, ఉబ్బుతూ తగ్గుతూ గాలి ఊదేది. ఆ మాట కట్టిన మనిషి ఎవరో గానీ, ఒంటిలోని అవయవం ఏం చేస్తుందో బొమ్మ లేకుండా చూపించాడు.

దేవరకొండ, చందంపేట వైపు తండాల నుంచి వచ్చే పిల్లల సంగతి వేరు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది లంబాడా భాష. మనం 'మీకు తెలిసిన మాటే కదా' అని మొదలుపెడితే వాళ్లకు అది తెలిసిన మాట కాదు. దగ్గుమందు దగ్గర మిగతా పిల్లలు నవ్వుతుంటే వాళ్లు మౌనంగా ఉంటారు. వాళ్లను 'మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?' అని అడగాలి. రెండు మాటలు కలిపి ఒక మాట చేసే పని వాళ్ల భాషలోనూ ఉంటుంది, అక్కడి నుంచి తెలుగులోకి రానివ్వాలి. ఉర్దూ మాట్లాడే పిల్లలతో మనకు ఇంకా సులువు, పట్టాదారు పాసుపుస్తకం అన్న ఒక్క పేరులోనే ఉర్దూ, ఇంగ్లీషు, సంస్కృతం మూడూ ఉన్నాయి కదా. వ్యాకరణం వాళ్లు ఏమంటారో గానీ మన రైతుకు దాని అర్థంలో ఏ అనుమానమూ లేదు.

ఇక మీ చేతికి పని. చిన్నచింతకుంట నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా, చేతులెత్తండి. మీ మండలం పేరులో చిన్నది ఏది? చింతా, కుంటా, ఊరా? చిన్నచింత ఉన్న కుంటా, చింత ఉన్న చిన్నకుంటా, లేక పెద్దది ఎక్కడో ఉండి ఇది చిన్నదా? నేను చెప్పను. మీ పిల్లలను ఊళ్లో పెద్దవాళ్ల దగ్గరికి పంపండి. ఎవరు ఏ కథ చెప్పినా రాసుకొని రమ్మనండి, ఆ తర్వాత ఏ కథ మాటకు సరిపోతుందో తరగతిలో కొట్లాడుకోవచ్చు. మిగతావాళ్లు ఇక్కడి పిల్లలమర్రి చెట్టును తీసుకోండి. సూర్యాపేట పక్కన కూడా ఒక పిల్లలమర్రి ఉంది, అది ఊరు. 'పిల్లలమర్రి నీడలో కూర్చున్నాం', 'పిల్లలమర్రి గుడులు చూశాం' అని రెండు వాక్యాలు ఇచ్చి ఏది ఎక్కడిదో అడగండి.

మీ ముందు ఇవాళ్టి పేపర్లు పెట్టించాను. జిల్లా పేజీ తీయండి. ఇద్దరిద్దరు కూర్చోండి. హెడ్డింగుల్లో మూడు సమాసాలు ఎంచుకోండి. ఒక్కోదాని చివరి మాట మీద వేలు పెట్టి మూసి, పక్కవాళ్లను కింది వార్త చదవమనండి, మూసిన మాట ఏమిటో చెప్పమనండి. రాకపోతే వేలు తీసి మొదటి మాట మూయండి. ఏది మూస్తే తేలిగ్గా వచ్చిందో, వార్తలో ఏ మాట పట్టిచ్చిందో కాగితం మీద రాయండి. సమాసం పేరు మాత్రం ఇప్పుడే రాయొద్దు. చాయ్ వచ్చేలోపు అయిపోతుంది.